తమ్ముడు, కుక్కర్, ఇద్దరు రౌడీలు: పది నిమిషాల యాక్షన్ కామెడీ తీయడం ఎలా?

నాకు వచ్చే ప్రశ్నల్లో సగం ఒకటే. "మా చెల్లికి ఆటిజం ఉంది. ఆమెను చూసుకోవడంలో మా ఇంట్లో రోజూ జరిగే హడావిడి మీద ఒక షార్ట్ ఫిల్మ్ తీయాలని ఉంది. ఏడిపించడం ఇష్టం లేదు. నవ్వించాలి, ఫైట్లూ ఉండాలి. తీయవచ్చా, తప్పవుతుందా?"

నిక్షేపంగా తీయవచ్చు. మా తమ్ముడికి ఆటిజం ఉంది, ఇప్పుడు 24 ఏళ్లు. వాడి చుట్టూ అల్లిన రెండు చిన్న సినిమాలు తీశాను. మొదటిది ఎవరికీ చూపించను. అందులో తమ్ముడు ఒకే మాటను పదిసార్లు అంటుంటే అక్క తల పట్టుకుంటుంది. చూసినవాళ్లంతా పడి పడి నవ్వారు. ఇంట్లో వేసినప్పుడు మా వాడు మాత్రం నవ్వలేదు. అయిపోయాక "గడియారం వెనక్కి వెళ్లింది" అన్నాడు. వెనక్కి తిప్పి చూస్తే నిజమే. ఒక షాట్‌లో గోడ గడియారం 4:20 చూపిస్తోంది, తర్వాతి షాట్‌లో 3:50. నెల రోజులు ఎడిటింగ్‌లో కూర్చున్న ఐదుగురికి అది కనిపించలేదు. ఏమీ పట్టనివాడిగా మేం చూపించిన మనిషే అది పట్టుకున్నాడు. రెండో సినిమా స్క్రిప్టు ఆ సిగ్గుతోనే మొదలైంది. కింద చెప్పేదంతా ఆ రెండో సినిమా తీసిన పద్ధతి.

కావలసినవి

- మాన్యువల్‌గా సెట్ చేసుకోగల కెమెరా ఉన్న ఫోను. ఫోనులో ఆ వీలు లేకపోతే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉచితంగా దొరుకుతుంది.
- ట్రైపాడ్, కాలర్ మైకు ఒకటి. మైకు లేకపోతే రెండో ఫోనును జేబులో పెట్టి రికార్డు చేయవచ్చు.
- ఎడిటింగ్‌కు డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ సరిపోతుంది.
- రెండు పాత పరుపులు, నాలుగు దిండ్లు, మోకాళ్లకు, మోచేతులకు ప్యాడ్లు, ప్రథమ చికిత్స పెట్టె.
- కెమెరా వెనుక ముగ్గురు, ముందు నలుగురు. ఇంతకు మించితే చిన్న ఇంట్లో ఊపిరి ఆడదు.
- ఒక గది పూర్తిగా ఖాళీగా. షూటింగ్ సామాను అందులో పెట్టకూడదు. ఎందుకో మూడో మెట్టులో చెబుతాను.
- ఆటిజం ఉన్న పెద్దవారు ఒకరు, స్క్రిప్టు దశ నుంచే సలహాకు. అంతా తీసేశాక చూపించి "ఎలా ఉంది?" అని అడిగితే మర్యాదకు బాగుందంటారు, అప్పటికి మార్చడానికీ ఏమీ మిగలదు.

1. ఇంటి పనిలోనే బాంబును వెతకండి

యాక్షన్ సినిమాకు టిక్‌టిక్‌మనే గడువు కావాలి. తోబుట్టువును చూసుకునే ఇంట్లో అలాంటి గడువులు రోజుకు పది ఉంటాయి. మా ఇంట్లో అది కుక్కర్. విజిల్ చప్పుడు మా వాడు భరించలేడు. అందుకే కుక్కర్ పొయ్యి మీదకు ఎక్కే ముందే చెవులకు మఫ్‌లు (చప్పుడు వినపడకుండా ఆపే హెడ్‌ఫోన్‌ల లాంటివి) పెట్టుకుని వెనక గదిలోకి వెళ్లిపోతాడు. ఇరవై ఏళ్లుగా ఇదే ఏర్పాటు.

కథ ఇది. అక్క వనజ పప్పు పొయ్యి మీద పెట్టింది. అంతలో బావ చేసిన అప్పు వసూలుకు ఇద్దరు రౌడీలు ఇంట్లోకి వచ్చారు. పెద్ద రౌడీ వచ్చి, వనజ తమ్ముడు చంటి కూర్చునే కుర్చీలో కూర్చున్నాడు. అక్కడున్న చెవి మఫ్‌లను ఏదో పాటలు వినే వస్తువనుకుని మెడలో వేసుకున్నాడు. మొదటి విజిల్ వచ్చేలోగా అవి చంటి చెవులకు చేరాలి. పైగా కొట్లాట చప్పుడు కూడా వాడికి పడదు. కాబట్టి ఫైటంతా నిశ్శబ్దంగా జరగాలి. మా సినిమాలో నవ్వంతా ఈ ఒక్క షరతులోంచే పుట్టింది.

మీ ఇంటి బాంబు వేరుగా ఉంటుంది. జుట్టు కత్తిరించే రోజు, దీపావళి సాయంత్రం, బడి బస్సు దారి మళ్లిన ఉదయం, కరెంటు పోయి ఫ్యాను ఆగిన క్షణం, దేన్నయినా తీసుకోవచ్చు. ఏడీహెచ్‌డీ (ధ్యాస ఒకచోట నిలవకపోవడం) ఉన్న అన్న కథైతే పరీక్షకు అరగంట ముందు కనిపించని హాల్ టికెట్ ఉండనే ఉంది. ఒక్కటే ఎంచుకోండి. రెండు పెడితే పది నిమిషాల్లో ఏదీ పేలదు.

2. నవ్వు ఎవరి మీదో కాగితం మీద రాసుకోండి

స్క్రిప్టులో ప్రతి జోక్ పక్కనా ఒక పేరు రాయండి, ఆ క్షణంలో చూసేవాళ్లు ఎవరిని చూసి నవ్వుతారో వారి పేరు. మా రెండో స్క్రిప్టులో అవి ఇలా తేలాయి: పెద్ద రౌడీ 9, వనజ 6, చిన్న రౌడీ 5, చంటి 2. చంటి పేరున ఉన్న రెండూ వాడు కావాలని వేసిన జోకులే. మొదటి సినిమాకు ఇదే లెక్క వేస్తే పద్నాలుగింటికి పదకొండు తమ్ముడి పేరునే ఉన్నాయి.

దీనికి చట్టం వైపూ ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో ఆటిజం ఒకటి. వైకల్యం ఉన్న వ్యక్తిని నలుగురిలో కావాలని అవమానిస్తే ఆ చట్టంలోని 92వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. సినిమాల్లో వైకల్యాన్ని చూపించే తీరు మీద సుప్రీంకోర్టు 2024 జులై 8న ఒక తీర్పు ఇచ్చింది. వైకల్యాన్ని అర్థమయ్యేలా చేసే హాస్యం వేరు, వైకల్యం ఉన్నవారిని కించపరిచే హాస్యం వేరు అని అందులో స్పష్టంగా విడదీసింది. అంటే నవ్వించడాన్ని ఎవరూ తప్పు పట్టడం లేదు.

హెచ్చరిక: దీనికి భయపడి ఎదురు గుంటలో పడేవారు ఎక్కువ. తమ్ముణ్ని లెక్కల మాంత్రికుణ్ని చేస్తారు, ఏ తేదీ చెప్పినా వారం చెప్పేస్తాడు, చివర్లో రౌడీల లెక్కల పుస్తకంలో తప్పు పట్టేస్తాడు. మా వాడు గడియారాన్ని పట్టుకున్నాడు నిజమే, అయితే వాడికి చిల్లర లెక్క రాదు. మామూలు మనిషికి ఉండేంత తెలివి చాలు. మా సినిమా ముగింపు చూడండి. ముగ్గురు పెద్దవాళ్లు హాలంతా దొర్లుతుంటే చంటి వంటింట్లోకి నడిచి వెళ్లి స్టవ్ కట్టేస్తాడు. అక్క నోరు తెరిచి చూస్తుంది. "ఎవరూ అడగలేదు" అంటాడు.

3. తమ్ముడి పాత్ర ఎవరు వేయాలి

మూడు దారులున్నాయి. ఆటిజం ఉన్న నటుడు దొరికితే అది మొదటి దారి. మాకు అలాగే దొరికాడు. ఆయన కోసం చేసిన ఏర్పాట్లు పెద్ద ఖర్చేమీ కాలేదు. షూటింగ్ జరిగే ఇంటి ఫొటోలు, అక్కడ ఉండబోయే మనుషుల ఫొటోలు వారం ముందే పంపాం. ఆ రోజు చేయబోయే పనులను బొమ్మలతో వరుసగా గోడకు అంటించి, అయిన పని మీద టిక్కు పెట్టాం. క్లాప్ బోర్డును టపీమని కొట్టడం మానేసి కెమెరా ముందు చేయి ఊపాం. "యాక్షన్" అని అరవలేదు. పైన చెప్పిన ఖాళీ గది ఆయనది. లైటు తగ్గించి, ఫ్యాను వేసి ఉంచాం. ఎప్పుడు కావాలంటే అప్పుడు కారణం చెప్పకుండా వెళ్లవచ్చు. ఒక పని మధ్యాహ్నానికి జరుగుతుందని గోడ మీద పెట్టి సాయంత్రానికి మార్చామంటే ముందుగా ఆయనకు చెప్పాల్సిందే. పారితోషికం రౌడీ వేషాలు వేసినవాళ్లతో సమానం.

రెండో దారి, ఆటిజం లేని నటుడు. అప్పుడు వీడియోలు చూసి అనుకరించవద్దని ఖండితంగా చెప్పండి. చేతులు ఆడించడం, చూపు తిప్పుకోవడం, తల ఊపడం, అన్నీ కలిపి వేస్తే మనిషి కనిపించడు. ఒక్క అలవాటు ఇవ్వండి, అది ఎందుకు చేస్తున్నాడో కూడా చెప్పండి. చంటి చొక్కా బొత్తాన్ని వేలితో రాస్తుంటాడు, అలా రాస్తే కుదుటపడతాడు. అంతే.

మూడోది, మీ తమ్ముడో చెల్లెలో స్వయంగా నటించడం. ఇష్టమేనా అని ఒకసారి అడిగితే సరిపోదు. వేర్వేరు రోజుల్లో, వేర్వేరు విధాలుగా అడగండి. "వద్దు" అనడానికి వారికి తేలికైన మార్గం ఉందో లేదో చూడండి. ఇంట్లో అందరూ ఉత్సాహంగా ఉన్నప్పుడు వద్దనడం ఎవరికైనా కష్టమే. నిజంగా తట్టుకోలేని స్థితి వస్తే కెమెరా ఆపండి. అది మొండితనం కాదు, బేరమాడితే తగ్గేదీ కాదు. దాన్ని చిత్రీకరించి తర్వాత వాడుకుందామన్న ఆలోచనే రానివ్వకండి.

14 ఏళ్ల లోపు పిల్లలు నటిస్తే నిర్మాత ముందుగా జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. రోజుకు ఐదు గంటలు మించకూడదు, మూడు గంటలకు మించి ఏకబిగిన పని చేయించకూడదు.

4. ఫైటును ముందు నడిపించండి, తర్వాత పరుగెత్తించండి

మొదట పావు వేగంతో నడక. అది తప్పు లేకుండా మూడుసార్లు వస్తే సగం వేగం. తీసేటప్పుడు ముప్పావు వేగం దాటవద్దు. మిగిలిన చురుకు ఎడిటింగ్‌లో వస్తుంది. ప్రతి కదలికకూ అంకె పెట్టుకోండి, "ఆ తర్వాత ఇలా కొడతావు" అని సైగలతో చెప్పుకుంటే ఎవరో ఒకరికి పళ్లు రాలతాయి.

గుద్దు నిజంగా తగలకూడదు, తగిలినట్టు కనిపించాలి. కొట్టేవాడి భుజం వెనక కెమెరా పెట్టండి. పిడికిలి కెమెరా వైపు నుంచి చూస్తే ముఖాన్ని దాటుకుంటూ పోవాలి. ముఖానికీ పిడికిలికీ మధ్య అడుగు దూరం ఉన్నా ఆ కోణంలో తెలియదు. పక్క నుంచి తీస్తే ఆ అడుగూ కనిపించి పరువు పోతుంది. దెబ్బ తిన్నవాడు తల తిప్పే క్షణమే దాన్ని నమ్మిస్తుంది కాబట్టి సంకేతం అతని దగ్గరి నుంచే రావాలి. అతను కళ్లతో "సిద్ధం" అన్నాకే చేయి లేవాలి.

ఇప్పుడు ఒక ముక్కను దగ్గర నుంచి చూద్దాం. వనజ మోచేయి తగిలి బల్ల అంచున ఉన్న స్టీలు గ్లాసు జారుతుంది. పెద్ద రౌడీ నేల మీదకు దూకి, గ్లాసు నేలను తాకే ముందు పట్టుకుంటాడు. గర్వంగా చూస్తాడు. వనజ చేతులు జోడించి దండం పెడుతుంది. ఆ జోడించిన చేతులతోనే అతని మణికట్టు మెలిపెడుతుంది. దీన్ని ఐదు షాట్లుగా విడదీశాం.

ఒకటి: మోచేయి, గ్లాసు, దగ్గరగా. రెండు: ముగ్గురూ కనిపించేలా గది అంతా, రౌడీ దూకడం మొదలుపెడతాడు, ఫ్రేములో నేల కనిపించదు, ఎందుకంటే అక్కడ పరుపుంది. మూడు: నేల దగ్గర అరచేయి. గ్లాసును ఫ్రేము పైనుంచి ఒక అసిస్టెంటు జానెడు ఎత్తు నుంచి వదిలాడు. నాలుగు: రౌడీ ముఖం, చెమట, చిరునవ్వు. ఐదు: దండం, మెలిక, రెండూ ఒకే షాట్‌లో, కట్ లేకుండా. జోక్ ఆ ఐదోదే. దండానికీ మెలికకూ మధ్య కట్ వేస్తే చచ్చిపోతుంది. వేసి చూశాం, చచ్చిపోయింది.

హెచ్చరిక: వెలుగుతున్న స్టవ్ దగ్గర ఫైటు తీయవద్దు. సిలిండర్ రెగ్యులేటర్ కట్టేసి ఉండాలి. ఫైటులో కనిపించే కుక్కర్ చల్లారినదే. ఆవిరి కావాలంటే మరో రోజు పప్పు వండుకుంటూ విడిగా తీసుకోండి, భోజనమూ అవుతుంది.

5. కెమెరా

ఇక్కడ చెప్పాల్సింది కొంచెమే. సెకనుకు 25 ఫ్రేములు, షటర్ వేగం 1/50 సెకను. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఈ లెక్కలో ట్యూబులైటు మినుకుమినుకుమనదు. ఫోకస్, వెలుగు, రంగు మూడింటినీ లాక్ చేయండి. లేకపోతే రౌడీ తెల్ల చొక్కా ఫ్రేములోకి వచ్చిన ప్రతిసారీ గది చీకటవుతుంది. వెడల్పు లెన్సు జోలికి పోవద్దు, చిన్న హాలు పెద్దగా కనిపిస్తుంది, పక్కనున్న ముఖాలు సాగుతాయి. మేం గుమ్మంలోంచి, వంటింటి కిటికీలోంచి తీసి నెట్టుకొచ్చాం. గోడ గడియారంలో బ్యాటరీ తీసేసి, ప్రతి సీనుకూ ముళ్లు చేత్తో తిప్పండి.

వీధిలో పరుగు సీనుంటే బొమ్మ తుపాకులు, బొమ్మ కత్తులు బయటకు తీసే ముందు స్థానిక పోలీసు స్టేషన్‌లో చెప్పండి. రైల్వే ప్లాట్‌ఫారం మీద అనుమతి లేకుండా తీయకూడదు.

6. శబ్దం: సగం సినిమా ఇక్కడే ఉంది

నిశ్శబ్ద ఫైటు అన్నామని మైకు ఆపేస్తే చూసేవాళ్లు ఫోను పాడైందనుకుంటారు. నిశ్శబ్దాన్ని వినిపించాలంటే చిన్న చప్పుళ్లు కావాలి. గుడ్డ రాపిడి, ఊపిరి, గాజుల గలగలను అరచేత్తో అదిమిపట్టడం, దూరంగా కుక్కర్ బుసలు.

ముందుగా ఫ్రిజ్, ఫ్యాను, మోటారు ఆపండి. ఫ్రిజ్ ఆపేటప్పుడు బండి తాళం అందులో పెట్టండి. రాత్రి తాళం కోసం వెతుక్కుంటూ ఫ్రిజ్ దగ్గరికే వస్తారు, ఆన్ చేస్తారు. మొదటి రోజు మేం ఈ పని చేయక రెండు లీటర్ల పాలు విరిగాయి. ప్రతి గదిలోనూ అందరూ కదలకుండా నిలబడి ఒక నిమిషం ఖాళీ శబ్దాన్ని రికార్డు చేయండి. కట్‌ల మధ్య అతుకులను అదే కప్పుతుంది.

దెబ్బల చప్పుళ్లు ఇంట్లోనే దొరుకుతాయి. పూరీ పిండి ముద్దను బండ మీద కొడితే మెత్తని గుద్దు. లేత ములక్కాడ విరిస్తే వేలు విరిగినట్టే. తడి తువ్వాలును దిండు మీద వేస్తే మనిషి పడ్డ చప్పుడు.

చంటికి ఈ ఇల్లు ఎలా వినిపిస్తుందో రెండుచోట్ల చూపించాం. మాటలు తగ్గి, ట్యూబులైటు రొద, కుళాయి చుక్క, కుక్కర్ బుస పైకి వస్తాయి. పది సెకన్లు చాలు. భయానక చిత్రం సంగీతం దాని కింద పెట్టారంటే వాడి రోజువారీ జీవితాన్నే దెయ్యాన్ని చేసినట్టు. అలాగే విజిల్‌ను నిజమైన మోతలో వినిపించవద్దు. శబ్దం పడని మనుషుల గురించి తీసిన సినిమా చూసి వాళ్లే చెవులు మూసుకుని బయటకు పోతే ఎవరి కోసం తీసినట్టు? మా సినిమాలో విజిల్ అసలు రాదు. కుక్కర్ మీది బరువు కొద్దిగా లేస్తుంది, చంటి చేయి స్టవ్ మీదకు వస్తుంది, కట్.

7. ఎడిటింగ్

ఫైటు షాట్ల వేగం 5 నుంచి 10 శాతం పెంచండి. అంతకు మించితే పాత మూగ సినిమాలా గెంతుతుంది. కొట్టడం, దెబ్బ తినడం వీలైనంత వరకు ఒకే ఫ్రేములో ఉంచండి. మూగ సినిమాల నాటి బస్టర్ కీటన్ నుంచి జాకీ చాన్ దాకా ఒళ్లు హూనం చేసుకుని నవ్వించినవాళ్లు కెమెరాను దూరంగా నిలబెట్టి, మనిషి మొత్తం కనిపించేలా తీశారు. కెమెరా ఊపి, కట్‌లు గుప్పిస్తే ఏం జరిగిందో తెలియదు, తెలియనిదానికి ఎవరూ నవ్వరు. వెలుగు ఆరిపోయి మెరిసే ఎఫెక్టులు సెకనుకు మూడింటికి మించవద్దు, మూర్ఛ ఉన్నవారికి ప్రమాదం.

తెలుగులోనే అయినా సబ్‌టైటిళ్లు వేయండి. లేకపోతే గుసగుసలన్నీ పోతాయి మరి.

8. సరిగ్గా వచ్చిందా? ఇలా చూసుకోండి

శబ్దం ఆపి ఒకసారి చూడండి. కథ అర్థం కాకపోతే ఫైటు నడక తప్పు. బొమ్మ ఆపి ఒకసారి వినండి. గది మారిన ప్రతిసారీ శబ్దం గెంతుతుంటే ఖాళీ శబ్దం కింద వేయలేదన్నమాట.

తర్వాత అసలు పరీక్ష. కథ తెలియని నలుగురికి వేసి, వాళ్లు నవ్విన ప్రతిచోటా టైమ్‌లైన్ మీద గుర్తు పెట్టండి. ఇప్పుడు ఆ గుర్తుల దగ్గర ఆపి, తెర మీద ఎవరి ముఖం ఉందో చూడండి. చంటి ముఖం ఉండి, వాడికి ఏం జరుగుతోందో తెలియని స్థితిలో ఉంటే ఆ షాట్ మార్చండి. స్క్రిప్టులో అంతా సరిగ్గా రాసుకున్నా ఎడిటింగ్‌లో ఇది తారుమారవుతుంది. చిన్న రౌడీ తుమ్మును మిగతా ఇద్దరూ కలిసి ఆపే చోట మాకు అలాగే జరిగింది. నవ్వు వచ్చే సమయానికి తెర మీద చెవులు మూసుకున్న చంటి ఉన్నాడు. రెండు సెకన్లు ముందుకు జరిపి రౌడీ ముక్కు మీద ఆపాం. నవ్వు తగ్గలేదు.

చూసినవాళ్లను "బాగుందా?" అని అడగవద్దు. "చంటికి ఏం కావాలి?" అని అడగండి. "చెవి మఫ్‌లు", "తన కుర్చీ" లాంటి జవాబులు వస్తే పాత్ర నిలబడింది. "పాపం" అన్న మాట వస్తే స్క్రిప్టు దగ్గరికి వెనక్కి వెళ్లండి. "వనజ దేవత" అన్నా అంతే. అక్కలకు విసుగొస్తుంది, కోపమొస్తుంది, ఒక్కోసారి తలుపేసుకుని పడుకోవాలనిపిస్తుంది. మా వనజ ఫైటు మధ్యలో కుర్చీలో కూలబడి, పెద్ద రౌడీ ఇచ్చిన మంచినీళ్లు తాగుతుంది. అక్కడే ఎక్కువమంది అక్కలు నాకు ఫోను చేశారు.

9. పదిమందికి చూపించేటప్పుడు

మొదట్లో ఒక కార్డు వేయండి: ఏ నిమిషంలో ఏ శబ్దం వస్తుందో రాయండి. హాల్లో లైట్లన్నీ ఆర్పవద్దు. తలుపు ఓరగా తీసి ఉంచి, మధ్యలో లేచి తిరగవచ్చని, మాట్లాడవచ్చని ముందే చెప్పండి. తలుపు పక్క కుర్చీలు ఖాళీగా ఉంచండి.

మా వాడు ఆ కుర్చీల్లోనే కూర్చున్నాడు. నాలుగో నిమిషంలో లేచి బయటకు వెళ్లి, నీళ్ల సీసాతో తిరిగి వచ్చి, మిగతాది నిలబడే చూశాడు. గడియారం గురించి ఏమీ అనలేదు. "గ్లాసు మారింది" అన్నాడు. మూడో షాట్‌లోది అంచు ఉన్న గ్లాసట, మిగతా వాటిలో అంచు లేదట. ఇంకా వెతకలేదు, వెతకాలి.